గెంగ్ షూచిన్ మీద గెంగ్ షూచిన్ ఫిర్యాదు

పోయిన వారం షూచిన్‌ని మెట్ల మీద నిలబెట్టి మన దారిన మనం వచ్చేశాం. పాపం, వారం రోజులుగా ఒక కాలు కింది మెట్టు మీద, ఒక కాలు పై మెట్టు మీద పెట్టుకుని మన కోసం చూస్తూనే ఉంది. ఇంకా ఆపడం న్యాయం కాదు. అయినా కొత్తగా వచ్చినవాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పుకుందాం.

గెంగ్ షూచిన్ ప్రాంతీయ వాణిజ్య శాఖలో ఇరవై తొమ్మిదేళ్లుగా పనిచేస్తోంది. ఎగుమతి కంపెనీ నమూనాల గదిలో వెల్లుల్లి గడ్డలు కొలిచే పిల్లగా మొదలై, దుబాసీగా, సెక్షన్ అధికారిగా, ఒక ఏడాది వెనకబడిన జిల్లాలో ఉప పాలకురాలిగా, మూడేళ్లు పెరూ రాయబార కార్యాలయంలో వాణిజ్య విభాగంలో తిరిగి, విభాగాధిపతి అయింది. ఇప్పుడు ఉప సంచాలకురాలి పదవికి ఆమె పేరు ఖాయం చేశారు. పద్ధతి ప్రకారం పేరు, పుట్టిన నెల, సొంతూరు రాసిన కాగితం కింది అంతస్తులో బోర్డుకి అంటించారు, శాఖ వెబ్‌సైట్లోనూ పెట్టారు. ఐదు పనిదినాల్లో ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పొచ్చు. లేకపోతే ఐదో రోజు సాయంత్రం ఐదింటికి కాగితం ఊడదీస్తారు, కుర్చీ ఆమెదవుతుంది.

ఇవాళ నాలుగో రోజు. మధ్యాహ్నం సిబ్బంది విభాగం పెద్ద తోంగ్ ఫోన్ చేసి, "మీటింగుకి వెళ్లకు. మూడొందల ఆరో గదికి రా. ఫ్లాస్కు తెచ్చుకోకు," అన్నాడు.

ఆ చివరి మాట దగ్గరే షూచిన్ మెట్ల మీద ఆగిపోయింది. ఆ భవనంలో టీ ఫ్లాస్కు చంకన పెట్టుకోకుండా ఎవరూ ఏ గదికీ వెళ్లరు. ఫ్లాస్కుతో వెళ్లినవాళ్లు తోటి ఉద్యోగులు. కాగితపు గ్లాసులో వేడినీళ్లు పోసి ఇచ్చారంటే మాత్రం, అది విచారణ.

గదిలో బల్ల మీద కాగితపు గ్లాసు సిద్ధంగా ఉంది.

తోంగ్ పక్కన క్రమశిక్షణ విభాగం నుంచి వచ్చిన బట్టతల మనిషి ఒకడు కలం మూత తీసి కూర్చున్నాడు. ఇలాంటి మాటలు ఎప్పుడూ ఇద్దరి ముందే జరగాలని నియమం. ఒకడు అడుగుతాడు, ఒకడు రాస్తాడు. ఇద్దరి మధ్యా ఒక మందపాటి గోధుమరంగు కవరు ఉంది. దాని మూతి తెల్లదారంతో చుట్టి ఉంది. దాని మీద తన పేరుంది. అది ఆమె ఫైలు. బళ్లో చేరిన రోజు మొదలై ఏ ఉద్యోగానికి పోతే ఆ ఉద్యోగానికి, ఏ ఊరికి పోతే ఆ ఊరికి ఆమె వెనకే నడిచిన కాగితాలన్నీ అందులో ఉన్నాయి. వాటిని అందరూ చూడొచ్చు, ఆమె ఒక్కతే చూడకూడదు.

"కామ్రేడ్ గెంగ్ షూచిన్," అన్నాడు తోంగ్.

ఇన్నేళ్లలో ఆయన ఆమెని అలా పిలవడం ఇదే మొదటిసారి. చేరిన రోజు నుంచీ ఆయన నోట 'అమ్మాయ్' అనే పిలుపే తప్ప ఇంకోటి వినలేదు. యాభై ఎనిమిదేళ్ల మనిషి, పైయేడు రిటైరయి తోటలో మిరపమొక్కలు వేసుకుంటానని అందరికీ చెప్పుకు తిరుగుతుంటాడు. ఇవాళ ఆయన మొహంలో మిరపమొక్కల సంతోషం ఏమీ లేదు.

"ఒకటే ప్రశ్న, సూటిగా చెప్పాలి. నువ్వు నీ మీద ఫిర్యాదు రాశావా?"

షూచిన్‌కి అర్థం కాలేదు. "ఎవరి మీద?"

"నీ మీదే."

"ఎవరు?"

"నువ్వు."

"తోంగ్ అన్నా, మధ్యాహ్నం ఏమన్నా పుచ్చుకున్నారా?"

బట్టతల మనిషి కలం ఆగింది. ఇది రాయాలా వద్దా అన్నట్టు తోంగ్ వైపు చూశాడు. తోంగ్ చెయ్యూపి వద్దన్నాడు.

"పొద్దున ఎనిమిదింటికి ఎవరో గేటు దగ్గర ఈ ఉత్తరం ఇచ్చి వెళ్లారు. పేరు లేని ఉత్తరమైతే పక్కన పడేద్దుం. పేరు పెట్టి, వేలిముద్ర వేసి ఇస్తే తప్పకుండా విచారించాలి. ఇది పేరు పెట్టిన ఉత్తరమే. కానీ ఆ పేరు నీది. మరి దీన్ని పేరున్న ఉత్తరమనాలా, లేనిదనాలా? నిబంధనల పుస్తకం రెండుసార్లు తిరగేశాను. ఇలాంటిది వస్తే ఏం చెయ్యాలో ఎక్కడా రాయలేదమ్మాయ్." పాత పిలుపు పొరపాటున జారింది. తోంగ్ గొంతు సవరించుకున్నాడు. "కామ్రేడ్."

ఉత్తరాన్ని ఆమెకివ్వలేదు, బల్ల మీద తనవైపు తిప్పి పెట్టుకున్నాడు. కానీ ఎదుటివాళ్ల కాగితాలు తలకిందులుగా చదవడం షూచిన్‌కి వృత్తిలో భాగం. బేరాల బల్లల దగ్గర కూర్చుని, అవతలివాళ్లు రాసిపెట్టుకున్న ధరలు అలా చదివే ఆమె సగం పేరు తెచ్చుకుంది. గుండ్రటి, ఓపికైన చేతిరాత. ఆరే వాక్యాలు.

'నా పేరు గెంగ్ షూచిన్. 1974 ఏప్రిల్ 12న, పులి సంవత్సరంలో, బైషీ గ్రామంలో పుట్టాను. మీ బోర్డు మీదున్న గెంగ్ షూచిన్ వేరే మనిషి. ఆమె పదవి ఆపమని నేను అడగడం లేదు. ఆమె ఫైల్లో అన్నిటికన్నా పాత కాగితం తీసి చూడండి. అందులో ఉన్న పుట్టినతేదీ నాది, అది నాకు తిరిగి ఇప్పించండి.'

కింద ఎర్రసిరాతో వేలిముద్ర ఉంది. దాన్ని అడ్డంగా కోస్తూ తెల్లగా ఒక గీత కనిపించింది. ఎప్పుడో లోతుగా తెగి మానిన బొటనవేలు అది.

"ఎవరో పిచ్చిమనిషి," అంది షూచిన్.

"నేనూ అదే అనుకున్నా. అనుకుని ఫైలు తీశా." తోంగ్ తెల్లదారం విప్పాడు. కాగితాలు ఒక్కొక్కటే పక్కకి పెడుతుంటే షూచిన్ బతుకు తలకిందులుగా ఆమె ముందు వెనక్కి నడిచింది. విభాగాధిపతి ఉత్తర్వు, పెరూ నివేదికలు. జిల్లాలో చెస్ట్‌నట్ రైతుల కోసం శీతల గోదాము కట్టించినందుకు మెచ్చుకోలు. దుబాసీ పరీక్ష మార్కులు. వాణిజ్య పాఠశాల చేరిక పత్రం. వాటి కింద, అంచులు విరిగిపోతున్న పసుపుపచ్చ కాగితం ఒకటి ఉంది. అది బైషీ ప్రాథమిక పాఠశాల నమోదు పత్రం. పైన ఉన్న చేతిరాత నాన్నదని ఎంత దూరం నుంచైనా ఆమె గుర్తుపడుతుంది.

పుట్టినతేదీ గడిలో 1974 ఏప్రిల్ 12 అని ఉంది.

"నీ గుర్తింపు కార్డులో ఏముంది?"

"1976 నవంబరు 2."

"ఎప్పణ్ణుంచి?"

"కార్డు వచ్చినప్పట్నుంచీ. నాకు తెలిసి నేను పుట్టినప్పట్నుంచీ."

బట్టతల మనిషి అప్పుడు మొదటిసారి నోరు విప్పాడు. "రెండు తేదీలుంటే ఫైల్లో ముందొచ్చిందే లెక్క. నియమం మీకు తెలుసు. దాని ప్రకారం మీకు యాభై నిండాయి. ఈ పదవికి యాభై లోపు ఉండాలి."

షూచిన్ చటుక్కున నవ్వేసింది. భయంతో వచ్చిన నవ్వు అది, కానీ దారి దొరికిందనుకుంది. "అంతేనా! మా నాన్న ఊరి లెక్కలో రాసుంటాడు. ఊళ్లో పుట్టగానే ఒక ఏడు కదా, కొత్తసంవత్సరం రాగానే ఇంకో ఏడు. నవంబరులో పుట్టిన పిల్లకి ఫిబ్రవరికల్లా రెండేళ్లు వచ్చేస్తాయి. ఆ వయసు పట్టుకుని వెనక్కి లెక్కేసి 74 అని రాసేసుంటాడు. ఇలాంటివి మీరు వంద చూసుంటారు."

"వంద కాదు, మూడొందలు చూశా," అన్నాడు తోంగ్. ఆయన కళ్లలో జాలి కనిపించింది. "సంవత్సరం అలాగే తప్పుతుంది, ఒప్పుకుంటా. మరి ఏప్రిల్ ఎక్కణ్ణుంచి వచ్చింది? పన్నెండో తారీకు ఎక్కణ్ణుంచి వచ్చింది? ఊరి లెక్క నెలని మార్చదు. పైగా ఆ ఉత్తరం రాసినామెకి అదే తేదీ ఎలా తెలిసింది? ఈ కాగితం నలభై ఏళ్లుగా ఈ కవర్లోనే ఉంది. నువ్వు కూడా ఇవాళే చూస్తున్నావు."

ఏ దేశం వెల్లుల్లి మీద ఎంత సుంకం వేస్తుందో నిద్రలో అడిగినా చెప్పగల షూచిన్, తనకి నలభై ఎనిమిదా యాభయ్యా అంటే తెల్లమొహం వేసింది. కాగితపు గ్లాసు అందుకుంది. మెత్తటి గ్లాసు నొక్కుకుపోయి నీళ్లు ఒళ్లో ఒలికాయి.

"మీ అమ్మగారు ఉన్నారు కదా?" అన్నాడు తోంగ్ మెల్లిగా. "రేపు పొద్దున పదింటికల్లా ఆవిడ చేత రాయించి, వేలిముద్ర వేయించి పట్రా. నువ్వు ఏ సంవత్సరం, ఏ నెల, ఎలా పుట్టావో రాయించు. సరిగ్గా కుదిరితే నా చేతనైనంత చేస్తా. కుదరకపోతే ఈ పదవి సంగతి వదిలెయ్. వయసు దిద్దించుకున్న మనిషివని రాయాల్సొస్తుంది. అప్పుడు ఇప్పుడున్న కుర్చీ కూడా ఉండదు."

"తోంగ్ అన్నా, నేనేమీ దిద్దించుకోలేదు."

"నువ్వు దిద్దించలేదని నాకు తెలుసు అమ్మాయ్," అన్నాడాయన, పక్కవాడు రాస్తున్నా పట్టించుకోకుండా. "ఎవరో దిద్దించారు. అది ఎవరో కనుక్కో."

*

ఐదింటికి డిపార్ట్‌మెంట్ స్టోర్ ముందున్న చౌకులో స్పీకరు అదిరిపోతోంది. నలభై మంది ఆడవాళ్లు ఎర్ర విసనకర్రలు పట్టుకుని వరసల్లో ఆడుతున్నారు. మొదటి వరసలో, డెబ్భై రెండేళ్ల వయసులో, గులాబీరంగు జాకెట్టు వేసుకుని అందరికన్నా ముందు తిరుగుతున్నది షూచిన్ తల్లి. ఆవిడ మోకాళ్ల నొప్పులు ఇంట్లో వంటింటి దగ్గర మాత్రమే వస్తాయి, చౌకులో ఎప్పుడూ రావు.

పాట ఆగగానే షూచిన్ ఆవిడ చెయ్యి పట్టుకుని బెంచీ దగ్గరికి లాక్కుపోయింది.

"అమ్మా, నేను ఏ సంవత్సరం పుట్టాను?"

"ఇదడగడానికా ఆటలోంచి లాక్కొచ్చావ్? డ్రాగన్ సంవత్సరం. నవంబరు. పొయ్యి మీద మొక్కజొన్న జావ పెట్టి దింపకముందే పుట్టావు. జావ మాడిపోయిందని మీ నాయనమ్మ సణిగింది."

షూచిన్ ప్రాణం లేచొచ్చింది. డ్రాగన్ సంవత్సరం అంటే 76, తను నలభై ఎనిమిదే. తల్లి ఇదే రాసిస్తే చాలు. కానీ తోంగ్ అడిగిన ప్రశ్న గొంతులో ముల్లులా ఉండిపోయింది.

"మరి పులి సంవత్సరం, ఏప్రిల్ పన్నెండున పుట్టిందెవరు?"

విసనకర్రతో విసురుకుంటున్న తల్లి చెయ్యి ఆగిపోయింది. విసనకర్ర మడిచి ఒళ్లో పెట్టుకుంది. "ఎవరు చెప్పారు నీకు?"

"ముందు నువ్వు చెప్పు."

"మీ నాన్న పోయేటప్పుడు కూడా చెప్పొద్దన్నాడు."

"నాన్న పోయి పదకొండేళ్లయింది. ఇక్కడ నా ఉద్యోగం పోతోంది."

తల్లి చౌకులో ఆడుతున్నవాళ్ల వైపు చూస్తూ చెప్పింది. కూతురి మొహం చూడలేదు. "నీకంటే ముందొక పిల్ల పుట్టింది. రెండేళ్లు పెంచాను. బొగ్గుగనుల దగ్గర మీ నాన్నకి వేలువిడిచిన అన్న ఉండేవాడు. పెళ్లయి పదేళ్లయినా పిల్లల్లేరు. ఇంట్లో ఒక పిల్ల తిరుగుతుంటే కడుపు పండుతుందని అప్పట్లో నమ్మకం. కొన్నాళ్లకే అని పట్టుకుపోయారు. నాకప్పుడు నువ్వు మూడో నెల, కూచుంటే లేవలేకపోయేదాన్ని. కొన్నాళ్లు కాస్తా కొన్నేళ్లయ్యాయి. తర్వాత వాళ్లు ఇల్లు మారిపోయారు."

"దాని పేరు?"

తల్లి ఒళ్లోని విసనకర్ర మడతలు సవరించింది. తర్వాత, "షూచిన్," అంది.

"నా పేరు అడగలేదమ్మా. దాని పేరు అడిగాను."

"అదే చెబుతున్నానే."

పక్కన పాట మళ్లీ మొదలైంది. ఆ రొదలో తను సరిగ్గానే విన్నదా అని షూచిన్‌కి అనుమానం వచ్చింది. "ఇద్దరికీ ఒకటే పేరు పెట్టారా?"

"నీకు పేరు పెట్టలేదు," అంది తల్లి. "ఇంటి నమోదు పుస్తకంలో దానికొక పేజీ ఉండేది. పేజీ మీదే కదా రేషను ధాన్యం వచ్చేది! దాన్ని పంపించేసినా పేజీ తీయించలేదు. తీయిస్తే పిల్ల వాటా ధాన్యం ఆగిపోతుంది. ఇంతలో నువ్వు పుట్టావు. కొత్త పేజీ రాయించాలంటే పాతది చెప్పాలి, ఇన్నాళ్లు ధాన్యం ఎందుకు తిన్నారంటారు. పేజీ ఉంది కదా అని నిన్ను దాని మీదే ఉంచేశాం. ఆ పేజీ చూపించే మీ నాన్న నిన్ను బళ్లో వేశాడు. తర్వాత గుర్తింపు కార్డులొచ్చినప్పుడు, పిల్లకి లేని వయసెందుకని కమ్యూన్ గుమాస్తాకి రెండు సీసాల సారా ఇచ్చి నీ అసలు తేదీ వేయించాడు. బళ్లో కాగితం సంగతి మర్చిపోయాడు."

"మంచి పనే చేశాడు," అంది షూచిన్ కసిగా. తండ్రి మీద అంత కోపం ఆయన బతికుండగా ఎప్పుడూ రాలేదు. ఆ కోపంలోనే ఏడుపు వచ్చింది. అది తన కోసమో, ఏనాడూ చూడని ఆ పిల్ల కోసమో తనకే తెలియలేదు. "అంటే నేను నలభై ఎనిమిదేనని నిరూపించాలంటే, నేను షూచిన్ కాదని రాసివ్వాలి. నేను షూచిన్‌నే అంటే నాకు యాభై. పైగా అబద్ధాలకోరుని. అవునా?"

"నాకు ఆఫీసు సంగతులేం తెలుసే! నువ్వు నా కూతురివి. అదొక్కటే నాకు తెలుసు."

"ఆవిడ కూడా నీ కూతురే కదా!"

తల్లి మొహం చేతుల్లో దాచుకుంది. షూచిన్ పక్కన కూర్చుంది. ఆవిడ వీపు మీద చెయ్యి వేయాలనిపించింది, చెయ్యి లేవలేదు. రేపు పదింటికి తోంగ్ ముందు ఏ కాగితం పెట్టాలో ఎంత ఆలోచించినా తోచలేదు. నిజం రాయిస్తే తండ్రి చేసిన దొంగపని బయటపడుతుంది. దాచితే ఉత్తరం రాసిన మనిషి ఊరుకోదు. ఇంతకీ ఆవిడకి ఏం కావాలి? పదవి ఆపొద్దట, తేదీ ఇప్పిస్తే చాలట. పుట్టినతేదీని ఎవరైనా ఎలా తిరిగిస్తారు?

"పెద్దమ్మా, ఏమైంది? కళ్లు తిరిగాయా?"

ఆట వరసల్లోంచి ఒక ఆడమనిషి వచ్చి నిలబడింది. యాభై ఏళ్లుంటాయేమో. పొట్టిగా కత్తిరించిన జుట్టు, ఫ్యాక్టరీ నీలం ప్యాంటు. చంకలో ఫ్లాస్కు ఉంది.

తల్లి గబగబా కళ్లు తుడుచుకుంది. "ఏం లేదమ్మా, దుమ్ము." తర్వాత కూతురి చెవి దగ్గరికి వంగి, "కొత్తగా చేరింది. రెండు వారాలైంది. మన వైపు యాస కాదు, మనిషి మాత్రం వెన్నపూస. రోజూ నాకు ఖర్జూరాల టీ పట్టుకొస్తుంది," అంది. మాట మారడమే పదివేలన్నట్టు ఇంకా చెప్పుకుపోయింది. "మొన్న నీకెంతమంది ఆడపిల్లలు పెద్దమ్మా అనడిగింది. ఒక్కతేనమ్మా, పెద్ద ఆఫీసరు అని నీ గురించే చెప్పాను. పాపం, ఎందుకో ఆ రోజు సగంలోనే ఆట మానేసి వెళ్లిపోయింది."

షూచిన్ తలెత్తింది.

ఆ మనిషి ఫ్లాస్కు మూతలోకి టీ ఒంపి తల్లి చేతిలో పెట్టింది. ఆవిడ తాగి ఇచ్చాక, అదే మూతలోకి మళ్లీ ఒంపి షూచిన్‌కి అందించింది. ఆమె కుడి బొటనవేలి మీద ఎర్రసిరా ఇంకా పూర్తిగా పోలేదు. ఆ ఎరుపుని అడ్డంగా కోస్తూ తెల్లటి మచ్చ ఒకటి ఉంది.

షూచిన్ మూత అందుకుని, తాగకుండానే బెంచీ మీద పెట్టేసింది.

"మీ అమ్మగారు ఎప్పుడూ మీ గురించే చెబుతుంటారు," అంది ఆ మనిషి. గొంతులో కోపం లేదు, తొందరా లేదు. "పేరు మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు. మీ పేరేంటండీ?"

వందలసార్లు లేచి నిలబడి, విజిటింగ్ కార్డు రెండు చేతులా అందిస్తూ, మూడు భాషల్లో చెప్పుకున్న పేరు అది. షూచిన్ నోరు తెరిచింది. పేరు నాలుక చివరిదాకా వచ్చింది. అది ఎదురుగా నిలబడ్డ మనిషిదని గుర్తొచ్చి అక్కడే ఆగిపోయింది.

పక్కన తల్లి ఆ ఎర్రటి బొటనవేలి వైపు చూసింది. తర్వాత ఆ మనిషి మొహంలోకి, మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. ఒళ్లోని విసనకర్ర జారి కింద పడింది.

"ఏప్రిల్లో..." అంది తల్లి, ఎవరితోనో తెలియకుండా.

"పన్నెండు," అంది ఆ మనిషి.